గొంతు లేని మాటలు నేర్పిన కట్టయ్య

మా వాడకట్టులో మిల్లు కార్మికులను గుర్తుపట్టడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. చాయ్ హోటల్ ముందు ఇద్దరు మగవాళ్లు ఎదురెదురుగా నిలబడి, నోళ్లు బారెడు తెరుస్తూ మూస్తూ, చప్పుడు లేకుండా ఏదో అనుకొని పొట్ట పట్టుకొని నవ్వుతున్నారంటే వాళ్లు నేత షెడ్డు వాళ్లన్నమాట. ఆ షెడ్డులో కరెంటు మగ్గాలు వందల కొద్దీ ఒక్కసారే ఆడేవి. వాటిని వాళ్లు సాంచలు అనేవాళ్లు. ఒక్క సాంచ ఆడితేనే చెవులు గింగురుమంటాయి, ఇక అన్నీ కలిసి ఆడితే మనిషి గొంతు ఎవరికి వినపడుతుంది? అందుకని గొంతుకు సెలవిచ్చి, పెదవులతోనే మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నారు. ఈ చివరి మనిషి "చాయ్ తాగుదమా" అని పెదవులు కదిపితే ఆ చివరి మనిషికి తెలిసిపోయేది. బయటికొచ్చాక కూడా ఆ అలవాటు పోయేది కాదు. రోడ్డుకు ఆ పక్క ఒకడు, ఈ పక్క ఒకడు నిలబడితే మధ్యలో లారీలు పోతున్నా ముచ్చట తెగేది కాదు. ఆ ముచ్చట్లు అందక ఇండ్లల్లో ఆడవాళ్లకు మాత్రం ఒళ్లు మండేది.

కట్టయ్య వాళ్లందరిలో మొనగాడు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి మీసాలు రాకముందే వచ్చి మిల్లులో బదిలీ పనికి కుదిరాడు. అంటే ఎవరైనా రాని రోజు వాళ్ల సాంచ మీద నిలబడడం. తర్వాత పర్మినెంట్ అయ్యాడు, లక్ష్మీనర్సమ్మను పెళ్లి చేసుకున్నాడు. మా ఇంటికి రెండిండ్ల అవతలే ఒక గది అద్దెకు తీసుకున్నారు. నేను ఆ వీధి చివరి సర్కారు బళ్లో ఒకటో తరగతి టీచరును. పొద్దంతా పిల్లలతో మాట్లాడి, సాయంత్రం వాడకట్టుతో మాట్లాడి, ఇంకా మాటలు మిగిలిపోయే మనిషిని. నాకూ కట్టయ్యకూ బాగా కుదిరింది. నేను మాట్లాడేదాన్ని, ఆయన నా మొహం వంక చూస్తూ తల ఊపేవాడు. ఇంత శ్రద్ధగా వినే మనిషి ఇంకొకడు లేడని మురిసిపోయేదాన్ని.

నర్సమ్మ నా మురిపెం మీద నీళ్లు చల్లేది.

"ఇంటాండని అనుకుంటానవా టీచరమ్మ? చూస్తాండు. అటు తిరిగినప్పుడు పిలువు, పలుకుతడేమో చూస్త."

నిజమే. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. దగ్గరికొచ్చి అరిస్తే ఏదో చప్పుడైనట్టు తెలిసేది తప్ప మాట తెలిసేది కాదు. షెడ్డులో ఏండ్ల తరబడి నిలబడ్డవాళ్లకు చెవులు పోవడం వింత కాదు. కానీ ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఎదుటి మనిషి మొహం కనపడితే మాట అంతా తెలిసిపోతుంది కదా, ఇక చెవిటితనం ఎక్కడిది అనేవాడు.

డెబ్బై మూడులో వాళ్లకు బిడ్డ పుట్టింది. పెళ్లయిన ఐదేండ్లకు పుట్టిన బిడ్డ. మేడారం మొక్కుకున్నందుకు సమ్మమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఎంత నెమ్మదైన పిల్లో చెప్పలేను. షిఫ్టు మారినప్పుడల్లా మిల్లు సైరన్ మోగితే వీధిలోని చంటిపిల్లలందరూ ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్లు. సమ్మమ్మ మాత్రం హాయిగా నిద్రపోయేది. తల్లులందరూ నర్సమ్మ అదృష్టానికి కుళ్లుకునేవాళ్లు.

పిల్లకు రెండేండ్లు దాటాయి. ఒకరోజు నేను వాళ్ల గడప దగ్గర చాయ్ గ్లాసు పట్టుకొని నిలబడి ఉన్నాను. నర్సమ్మ కడిగి బోర్లించిన ఇత్తడి బిందె గద్దె మీది నుంచి జారి బండల మీద పడింది. నా చాయ్ సగం చీర మీద ఒలికింది. బిందె దొర్లుకుంటూ పిల్ల వీపు వెనక దాకా వెళ్లి ఆగింది. సమ్మమ్మ మిల్లు నుంచి తండ్రి తెచ్చిన, దారం అయిపోయిన ఖాళీ కండెను దొర్లించుకుంటూ ఆడుకుంటోంది. తల తిప్పలేదు.

నర్సమ్మ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

ఆ తర్వాత ఆ తల్లి పెట్టని మొక్కు లేదు. వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాసింది. మేడారం తీసుకుపోయి పిల్ల ఎత్తు బెల్లం తూచింది. చివరికి పెద్ద దవాఖానలో చెవుల డాక్టరు నిమ్మళంగా చెప్పాడు. పిల్లకు వినికిడి చాలా తక్కువ. మాట వింటేనే మాట వస్తుంది, వినని పిల్లకు దానంతటది రాదు. నేర్పితే వస్తుంది, అది కూడా చిన్నతనంలో నేర్పితేనే. హనుమకొండలో ఒక మిషన్ కాంపౌండులో ఇలాంటి పిల్లలకు మాటలు నేర్పే ఆమె ఉంది, అక్కడికి పొమ్మన్నాడు.

ఆమె పేరు దీనమ్మ. డోర్నకల్‌లో రైల్వే కుటుంబం వాళ్లది. మైసూరులో ఈ చదువు చదువుకొని వచ్చి, వారంలో కొన్ని రోజులు పొద్దుటి రైలుకు వచ్చి సాయంత్రం రైలుకు పోయేది. నర్సమ్మ పత్తి గోదాములో కూలికి పోయేది కాబట్టి కట్టయ్యే పిల్లను తీసుకుపోయేవాడు. నేను కూడా సెలవు రోజుల్లో తోడు పోయేదాన్ని. పాఠం చెప్పే మనిషిని కదా, ఎవరు ఎలా చెప్తున్నారో చూడకపోతే నాకు నిద్రపట్టదు.

ఆ గదిలో ఒక అద్దం, ఒక డప్పు, కొన్ని బుడగలు, అంతే. హైదరాబాదు నుంచి చెవి మిషన్ తెప్పించారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా, దాన్ని గౌను మీద ఛాతీకి కట్టాలి, దాని నుంచి తీగ చెవిలోకి పోతుంది. దీనమ్మ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకొని, తన చేతులు ఒళ్లో పెట్టుకొని, మెల్లగా, పెదవులు బాగా కనపడేలా మాట్లాడేది. మధ్యలో పిల్ల చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకునేది. "బా" అనేది. తర్వాత ఆ చెయ్యే పిల్ల గొంతు మీద పెట్టేది. పిల్ల కూడా ఒకసారి "బ" అన్నట్టు మొద్దుగా ఏదో అంది. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. దీనమ్మ నన్ను కూర్చోమంది.

"ఇంట్లో కూడా ఇట్లనే చెయ్యాలండి" అని కట్టయ్యకు చెప్పింది. "ముఖం ముఖం ఎదురుగా ఉండాలి. చేతులతో సైగలు చెయ్యొద్దు. పెదవులు మంచిగ కనవడాలి. మిషన్ ఎప్పుడూ ఉండాలి."

కట్టయ్య మొహం వెలిగిపోయింది. "గిదేనా మేడం? గిది మా షెడ్డుల రోజు జేసుడే. మస్తు తేలిక."

దీనమ్మ కూడా నవ్వింది. అందరం నవ్వాం.

కొన్ని నెలల తర్వాత దీనమ్మ కాన్పుకు పుట్టింటికి పోయింది. చూపించినట్టే రోజూ చెయ్యమని కట్టయ్యకు మరీమరీ చెప్పి పోయింది. కాన్పు కష్టమై, ఆరోగ్యం దెబ్బతిని, ఏడాది దాటినా తిరిగి రాలేదు. ఆ ఏడాదీ సమ్మమ్మకు బడి అయినా, పంతులు అయినా కట్టయ్యే.

ఎంత కష్టపడ్డాడో నేను కండ్లారా చూశాను. షిఫ్టు దిగి, కాళ్లు కడుక్కొని, చాయ్ కూడా తాగకుండా పిల్లను గడప మీద కూర్చోబెట్టుకునేవాడు. దీనమ్మ పిల్ల చెయ్యిని గొంతు మీద పెట్టించేది కదా, అది ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. పిల్ల చేతులు సైగలు చేయకుండా కట్టడి చేయడానికి అనుకున్నాడు. గొంతు మీద ఎందుకు, బళ్లో లాగా చేతులు కట్టుకుంటే ఇంకా మంచిదని చేతులు కట్టించేవాడు. చెవి మిషన్ ఖరాబైతే మళ్లీ దొరకదని బట్టలో చుట్టి ట్రంకులో దాచిపెట్టాడు. మాట్లాడుకోవడానికి చెవులు ఎందుకు? షెడ్డులో ఎవరు చెవులతో మాట్లాడుకుంటున్నారు?

పిల్ల మహా చురుకైంది. తండ్రి పెదవులు కదిలితే చాలు, చెంబు తెచ్చేది, చెప్పులు తెచ్చేది, అమ్మ ఎటు పోయిందంటే గోదాము వైపు తల తిప్పేది. ఒక సాయంత్రం కట్టయ్య మా గుమ్మంలోకి ఉరికొచ్చాడు.

"టీచరమ్మ, జర రా. నా బిడ్డ మాట్లాడుతాంది."

పిండి చేతులతోనే పరుగెత్తాను. సమ్మమ్మ చేతులు కట్టుకొని గడప మీద కూర్చుంది. తండ్రి నోరు గుండ్రంగా తెరిచి ఏదో అన్నాడు. పిల్ల తన చిన్న పెదవులు కలిపి, విడదీసి, మళ్లీ కలిపి, ముందుకు చాపింది. "బాపు" అని పెదవుల మీద అచ్చు గుద్దినట్టు కనపడింది. నేను ఇంకా మాట కోసం ఎదురుచూస్తూనే ఉన్నాను.

"పెదవులు ఆడినయ్ కట్టయ్యా, చప్పుడు రాలేదు" అన్నాను.

"పిల్లల లొల్లి ఇని ఇని నీ చెవులు ఖరాబైనయ్ టీచరమ్మ. ఓసారి దవాఖానల చూపిచ్చుకో."

లోపలి నుంచి నర్సమ్మ వచ్చి ఆయన మొహం ముందు నిలబడింది. "నాకు గూడ ఇనవడ్తలేదు. వాడకట్టు మొత్తానికి చెవులు ఖరాబైనయా? నీ ఒక్కనియే మంచిగున్నయా?"

"బాసాండ్లు తోముకుంట ఇంటె ఎట్ల ఇనవడ్తది నీకు? పక్కన కూసొని ఇను."

నర్సమ్మ పక్కన కూర్చుంది. పిల్ల మళ్లీ అంది. కట్టయ్య ఎగిరి గంతేశాడు. నర్సమ్మ మొహం తిప్పుకుంది. ఆయనతో వాదించి గెలిచేదెవరు? ఆయనకు పిల్ల మాట, నా మాట, నర్సమ్మ మాట అన్నీ ఒక్క తీరుగానే అందేవి. ఇంకా చెప్పాలంటే నా మాట కంటే పిల్ల మాటే ఆయనకు స్పష్టం. నేను వేగంగా మాట్లాడతానట.

ఇంకో సంగతి. పిల్లకు అంతకుముందు గొంతు లేకపోలేదు. ఆటల్లో మొద్దుగా అరిచేది. వీధి పిల్లలు దూడ అరుపని వెక్కిరిస్తే నర్సమ్మకు ప్రాణం చచ్చిపోయేది, పరుగెత్తుకొచ్చి పిల్ల నోటి మీద చెయ్యి పెట్టేది. ఇటు తండ్రికి గొంతు అవసరం లేదు, అటు తల్లి గొంతు తీయనిచ్చేది కాదు. రానురాను ఆ అరుపు కూడా ఆగిపోయింది. నవ్వితే కూడా పళ్లు కనపడేవి, అంతే.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో కట్టయ్య మా హెడ్‌మాస్టర్ రాజేశ్వర్ రావు గారి దగ్గరికి పోయాడు. పిల్లను బళ్లో వేస్తానన్నాడు. ఆయన మంచివాడే, కానీ లెక్క మనిషి.

"చూడు కట్టయ్యా, ఒక్కో క్లాసుల అరవై మంది. పేరు అడిగితే పేరు చెప్పాలె, కడుపుల నొస్తె నొస్తాందని చెప్పాలె. పేరు చెప్తె చాలు, జూన్ల రాసుకుంట. లేకుంటె హైదరాబాద్ల చెవిటి పిల్లల బడి ఉంది, హాస్టల్ ఉంది. నేనే ఉత్తరం రాసిస్త."

హాస్టల్ మాట చెవిన పడగానే నర్సమ్మ ఆ రోజు అన్నం వండలేదు. "ఐదేండ్లకు పుట్టిన బిడ్డ. ఐదేండ్లు నిండంగనే పంపియ్యాల్నా?" అని నా ముందు కూలబడింది. ఆ బడి మంచిదే కావచ్చు. కానీ పక్కలో తల్లి లేకపోతే కండ్లు మూయని పిల్ల అది. చీకట్లో పెదవులు కనపడవు కదా, తల్లి చెయ్యి పట్టుకొని ఉంటేనే నిద్రపోయేది.

కట్టయ్యకు మాత్రం ఫికర్ లేదు. "పేరే గద. నిద్రల లేపి అడిగినా చెప్తది" అన్నాడు.

జూన్ వచ్చింది. సమ్మమ్మకు తలకు నూనె పెట్టి, రెండు జడలు వేసి, హెడ్‌మాస్టర్ గదికి తెచ్చారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. రాజేశ్వర్ రావు గారు కుర్చీ ముందుకు జరుపుకొని, పిల్ల మొహంలోకి చూస్తూ మెల్లగా అడిగారు.

"నీ పేరేంది బిడ్డ?"

పిల్లకు అర్థమైంది. చేతులు కట్టుకుంది. పెదవులు విప్పింది, గట్టిగా కలిపింది, విప్పింది, మళ్లీ కలిపింది. సమ్మమ్మ. తండ్రి నేర్పినట్టే, ఒక్క వంకర లేకుండా.

ఆయన చెవి దగ్గరికి పెట్టారు. "ఇంకోసారి."

పిల్ల మళ్లీ అంది. గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"చెప్పింది గద సార్" అన్నాడు కట్టయ్య సంబరంగా. "రెండుసార్లు చెప్పింది."

నర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. రాజేశ్వర్ రావు గారు కాసేపు కట్టయ్యను చూశారు. తర్వాత లేచి, అల్మారా వైపు తిరిగి, మాకు వీపు పెట్టి అడిగారు.

"కట్టయ్యా, మిల్లుల ఎప్పటిసంది చేస్తానవ్?"

కట్టయ్య పిల్లను చూసి నవ్వుకుంటున్నాడు.

"కట్టయ్యా" అని ఇంకొంచెం గట్టిగా అన్నారు. జవాబు లేదు. ఆయన ఇటు తిరిగారు. ఆ మొహంలో కోపం లేదు, అది చూసే నాకు భయమేసింది. పెదవులు కనపడేలా వచ్చి నిలబడి చెప్పారు.

"పిల్ల నోట్ల మాట ఉంది, గొంతు లేదు కట్టయ్యా. నీకు ఇనవడక నీకు తెలుస్తలేదు."

కట్టయ్య ఒక్కొక్కరి మొహం చూశాడు. నన్ను, నర్సమ్మను, తలుపు దగ్గరి అటెండర్‌ను. అందరి మొహాల్లోనూ ఒకటే ఉంది. ఆయన మోకాళ్ల మీద కూర్చొని పిల్ల గొంతు మీద చెయ్యి పెట్టాడు. పాఠం మొదలైందనుకొని సమ్మమ్మ ఇంకా బిగించి చేతులు కట్టుకుంది. మూడోసారి కూడా పేరు చెప్పింది.

హెడ్‌మాస్టర్ దసరా సెలవుల దాకా గడువిచ్చారు. అప్పటికీ గొంతు రాకపోతే ఉత్తరం రాస్తానన్నారు. అదృష్టమేమంటే ఆ వానాకాలం మొదట్లోనే దీనమ్మ తిరిగి వచ్చింది. చంకలో పసిపిల్ల, మనిషి సగమైంది. సమ్మమ్మను ముందు కూర్చోబెట్టుకొని చాలాసేపు చూసింది. ట్రంకులోని మిషన్ సంగతి విని కండ్లు మూసుకుంది. కట్టయ్య తల వంచుకున్నాడు. ఆమె ఏమంటుందో చూడలేక వంచుకున్నాడని నాకు అర్థమైంది. దీనమ్మ ఆయన గడ్డం కింద వేలు పెట్టి తల పైకి లేపింది.

"గొంతు పోలేదండి. పిల్ల దాన్ని పక్కకు పెట్టింది. గొంతు లేకున్నా మీకు అన్నీ తెలుస్తానయ్ కదా, ఇగ ఎందుకు తీస్తది?"

"నేనేం జెయ్యాలె మేడం? చెప్పు. ఏదైనా జేస్త."

"మీరు నేర్పొద్దు. నర్సమ్మ నేర్పాలె, ఆమెకు ఇనవడ్తది. మీరు ఒక్కటే చెయ్యాలె. పిల్ల గొంతు లేకుండ మాట్లాడితే మీరు చూడొద్దు. కండ్లు మూసుకోవాలె. గొంతు తీసినప్పుడే కండ్లు తెరవాలె."

కట్టయ్య చాలాసేపు ఆమె పెదవుల వైపే చూశాడు, ఇంకేమైనా అంటుందేమోనని.

"కండ్లు మూసుకుంటె నాకు లోకమే లేదు మేడం. గొంతు తీసింది లేంది నాకెట్ల ఎరుకైతది?"

"పిల్లను ఒళ్లో కూసోబెట్టుకోని, తల మీద మీ గడ్డం ఆనియ్యండి. గొంతు వస్తె తలకాయ అదురుతది."

చెయ్యి పెట్టి చూస్తానన్నాడు గానీ, షిఫ్టు దిగిన చేతుల్లో సాంచ అదురు అలాగే ఉండేది, గంటసేపు పోయేది కాదు. పిల్ల గొంతు అదిరిందో తన చెయ్యి అదిరిందో తెలిసేది కాదు. అందుకే గడ్డం.

నేను బళ్లో ఎంతోమంది పిల్లలు ఏడవడం చూశాను. ఆ వానాకాలం సమ్మమ్మ ఏడుపు చూడలేకపోయాను. పాపం, ఆ ఇంట్లో పిల్ల మాట పూర్తిగా తెలిసే మనిషి తండ్రి ఒక్కడే. సాయంత్రం ఆయన రాగానే ఎదురు పోయి పొద్దుటి ముచ్చట్లన్నీ పెదవులతో చెప్పుకునేది. ఇప్పుడు మొదలుపెట్టగానే ఆయన కండ్లు మూసుకునేవాడు. పిల్లకేం తెలుసు? తానేం తప్పు చేసిందో తెలియక ఎదురుగా నిలబడి మళ్లీ చెప్పేది. ఇటు వచ్చి చెప్పేది, అటు వచ్చి చెప్పేది. తర్వాత వేళ్లతో ఆయన కనురెప్పలు పట్టుకొని పైకి లేపేది. రెప్పలు విప్పి, వాటి ముందు తన నోరు పెట్టి, బాపు, బాపు, బాపు అనేది. గొంతు లేకుండా.

కట్టయ్య ఓర్చుకోలేక కండ్లు తెరిచేవాడు. తెరిస్తే పిల్ల గెలిచేది. మరుసటి రోజు ఇంకా మొండికేసేది.

"కండ్లు మూసుకొని కూసునుడు గూడ చాతగాదా నీకు?" అని నర్సమ్మ ఒకరోజు ఆయన మీద విరుచుకుపడింది. "హాస్టల్ల పడేద్దామా? చెప్పు, నువ్వే తీసుకపోయి ఇడిసి రా."

ఆయన భుజం మీది తువ్వాల తీసి భార్య చేతికిచ్చాడు. ఆమె దాన్ని ఆయన కండ్లకు గంతలా కట్టింది. అప్పటి నుంచి రోజూ అంతే. కండ్లకు తువ్వాల, ఒళ్లో పిల్ల, తల మీద గడ్డం. పిల్ల గింజుకునేది, గిచ్చేది, తువ్వాల కింద వేళ్లు దూర్చేది. కొన్నాళ్లకు ఆయన దగ్గరికి రావడమే మానేసింది. షిఫ్టు దిగి వస్తుంటే చూసి, లోపలికి పోయి మూలకు నిలబడేది. ఆయన గడపలో కూర్చొని మా ఇంటి వైపు చూసేవాడు. నేను ఏదో ఒకటి వాగుతూ ఉండేదాన్ని. ఆయన నా పెదవులు కూడా చూసేవాడు కాదు.

"పంపిద్దాం టీచరమ్మ" అన్నాడొకరోజు. "ఈడ ఉంటె గొంతు రాదు. నేను బాపునన్న సంగతి గూడ పోతాంది. ఆడికి పోతె ఏదన్న ఒకటి దక్కుతది."

"దసరా దాకా ఆగు" అన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు.

బతుకమ్మకు ఇంకా నెల రోజులుంది. నేనూ నర్సమ్మా నల్లా దగ్గర బిందెలు పెట్టుకొని వరుసలో ఉన్నాం. వాళ్ల గదిలో నుంచి ఒక అరుపు వచ్చింది. దూడ తప్పిపోయి తల్లిని పిలిచినట్టు, మొద్దుగా, పొడుగ్గా. నర్సమ్మ బిందె అక్కడే వదిలేసింది. నేను చెప్పులు వదిలేశాను.

గదిలో కట్టయ్య గోడకు ఆనుకొని ఉన్నాడు. తువ్వాల కండ్లకు కట్టే ఉంది. మూలన నిలబడ్డ పిల్లను పట్టి కూర్చోబెట్టుకున్నట్టున్నాడు, ఒళ్లో ఉంది, మొహం ఎర్రగా అయింది, రెండు పిడికిళ్లతో ఆయన ఛాతీ మీద గుద్దుతోంది. కోపం. ఇన్ని వారాల కోపం గొంతులోకి వచ్చేసింది. ఆయన గడ్డం పిల్ల తల మీద గట్టిగా నొక్కిపెట్టి అడుగుతున్నాడు.

"నర్సూ, వచ్చిందా? నా తలకాయ అదిరింది. ఇంట్ల ఎవరన్న ఉన్నరా? వచ్చిందా?"

"వచ్చింది, వచ్చింది" అని నర్సమ్మ ఏడుస్తూ చెప్తోంది. నేనూ చెప్తున్నాను. కండ్లకు తువ్వాల ఉన్న మనిషికి మా మాట ఎట్లా చేరుతుంది? ఆయన అడుగుతూనే ఉన్నాడు, మేము చెప్తూనే ఉన్నాం. కాసేపటికి గానీ తువ్వాల విప్పాలన్న తెలివి మాకు రాలేదు.

అరుపు వచ్చినంత మాత్రాన మాట వచ్చినట్టు కాదు. దీనమ్మ ఆ అరుపు తోక పట్టుకొని లాగింది. మిషన్ పెట్టి, చెంపకు చెంప ఆనించి, ఆ అరుపును చిన్నగా చేసి, పెదవులు కలిపించి "మ్మ" అనిపించింది. ఒకరోజు వచ్చేది, రెండు రోజులు రాదు. జ్వరం వచ్చి లేచాక మళ్లీ మొదటికి వచ్చింది. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకోటి. తల్లి ముందు, దీనమ్మ ముందు గొంతు తీసే పిల్ల, తండ్రి మొహం కనపడగానే పాత అలవాటు కొద్దీ గొంతు మింగేసేది. వట్టి పెదవులే ఆడించేది.

సెలవులు ఇచ్చే రోజు వచ్చింది. రాజేశ్వర్ రావు గారు ఈసారి తన గదిలో కాదు, ఒకటో తరగతిలోనే అడుగుతానన్నారు. పిల్లల మధ్యన మాట్లాడితేనే మాట్లాడినట్టు. దీనమ్మ ముందే చెప్పింది, తండ్రి పిల్లకు కనపడొద్దని. అందుకని కట్టయ్య బడి వెనకాలకు పోయి, నా బల్ల వెనకాల ఉన్న కిటికీ బయట నిలబడ్డాడు. సమ్మమ్మను నా బల్ల ముందు, పిల్లల వైపు తిప్పి నిలబెట్టాం. కట్టయ్యకు పిల్ల వీపు, రెండు జడలు, అవతల మా పిల్లల మొహాలు, అంతే కనపడేవి. పిల్ల పెదవులు కనపడవు. పక్కకు వంగి నిలబడ్డ హెడ్‌మాస్టర్ మొహమూ కనపడదు. గొంతు వచ్చిందో లేదో ఆయనకు చెప్పాలంటే ఆ పిల్లల మొహాలే దిక్కు.

"నీ పేరేంది బిడ్డ?"

సమ్మమ్మ పిల్లలందరినీ చూసింది. చేతులు కట్టుకోబోయింది. తలుపు దగ్గరి నుంచి నర్సమ్మ తన గొంతు మీద చెయ్యి పెట్టుకొని చూపించింది. పిల్ల చేతులు వదిలేసింది. నేను బెత్తం పట్టుకొని బల్ల పక్కన నిలబడ్డాను.

"హమ్మమ్మ" అంది.

స అనే అక్షరం గాలిలా పోయింది. మిగిలింది మాత్రం అంత చిన్న పిల్ల లోపలి నుంచి వచ్చిందంటే నమ్మలేనంత మొద్దుగా, లావుగా, పైకప్పు రేకులకు తగిలేటట్టు వచ్చింది. రాజేశ్వర్ రావు గారు జేబులోంచి పెన్ను తీసి, క్యాప్ విప్పి, నా బల్ల మీది హాజరు పట్టీ తనవైపు లాక్కున్నారు.

అప్పుడు మా పిల్లలు నవ్వారు. ముందు బెంచీలో ఒకడు మొదలుపెట్టాడు, వెనక దాకా పాకింది. నోళ్లు తెరిచి, ఒకరి మీద ఒకరు పడి, గదంతా ఒక్కటే నవ్వు. సమ్మమ్మ బిత్తరపోయి చూస్తోంది. నాకు ఒళ్లు మండింది. బెత్తం ఎత్తి బల్ల మీద కొట్టబోయాను.

కిటికీ ఊచలు రెండు చేతులతో పట్టుకొని, మా పిల్లల మొహాలనే చూస్తూ, కట్టయ్య వెనక నుంచి అరిచాడు.

"కొట్టకు టీచరమ్మ. నవ్వనియ్యి. జరసేపు నవ్వనియ్యి."